ముప్పై ఒకటో నంబరు బిళ్ళ

"వెల కట్టండి."

మిరియం తన తాళాల గుత్తిని తక్కెడ పళ్ళెంలో పడేసింది. పళ్ళెం ఠంగుమని బల్లకు తగిలింది. గుత్తిలో నాలుగు తాళంచెవులు, వాటి మధ్య అరచేతి గుంటలో ఇమిడేంత ఇత్తడి బిళ్ళ.

"పొద్దున్నే ఏమిటిది?" అన్నాడు భూతద్దం, కంటికి బిగించిన అద్దం తియ్యకుండానే.

వీధి వీధంతా అతన్ని భూతద్దం అనే పిలుస్తుంది. ఇంటి ముందుగదిలో కొట్టు పెట్టుకుని, పాత నాణేలూ బిళ్ళలూ ఏ కాలానివో, ఎంతకి పోతాయో చూసి చెప్పడం అతని పని. ఎంతటివాళ్ళొచ్చినా కుర్చీలోంచి లేవడు.

"మిల్లు బిళ్ళ. పేరుంది, నంబరుంది. ఎంత పలుకుతుందో చెప్పండి. ఊరందరికీ చెబుతారుగా."

"ఇంట్లో వస్తువుకి నేను వెల కట్టను."

"కడితే ఏం బయటపడుతుందని?"

భూతద్దం పక్కనున్న ట్రేలో బిళ్ళలు సర్దుతున్నట్టు నటించాడు. అవి ఎప్పుడో సర్దేసి ఉన్నాయి.

ఈ గొడవ ఇవాళ పుట్టింది కాదు. సోమవారం నాడు ఒక కళ్ళజోడావిడ కొట్టు మెట్లెక్కి, "నూలు మిల్లు బిళ్ళలు మీ దగ్గరున్నాయట, ఆడవాళ్ళ సెక్షనువి ఒకసారి చూడొచ్చా?" అని అడిగినప్పుడు పుట్టింది. ఆ గొంతు వినగానే భూతద్దం లేచి నిలబడ్డాడు. స్టూలు లాగి, తన జేబురుమాలుతో తుడిచి మరీ వేశాడు. మంచినీళ్ళు తెచ్చిన మిరియం ఇదంతా కళ్ళారా చూసింది. ఆ రుమాలు ఉతికేది తను. ఒళ్ళు మండదూ మరి?

ట్రే బ్యాంకు లాకర్లో ఉంది, గురువారం పదకొండింటికి రమ్మన్నాడు. ఇవాళ గురువారం. ట్రే నిన్ననే బల్ల మీదికి వచ్చింది. తొమ్మిదిన్నర దాటింది.

"ఆవిడ కోసం లేచారు," అంది మిరియం.

"ఎవరి కోసం?"

"తెలీనట్టు అడగకండి. జాజి కోసం."

మిల్లులో ఆవిడ పేరు అదే. ఒకే పేరున్న ఆడవాళ్ళు సెక్షనుకి నలుగురైదుగురు తేలడంతో, గేటు గుమాస్తాలు అసలు పేర్లు మానేసి పిలుపు పేర్లే బిళ్ళల మీద అచ్చు కొట్టేవారు. జాజి, మిరియం, చిలక, బుంగమూతి. పొద్దున గేటు దగ్గర పలక మీంచి ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుని, తమ మిషను కొక్కేనికి తగిలించుకోవాలి. తగిలిస్తే పనికి వచ్చినట్టు, పలక మీద మిగిలిపోతే రానట్టు. ఒకరి బిళ్ళ ఇంకొకరు తీశారని తెలిస్తే ఇద్దరికీ ఆ రోజే ఆఖరు. ఆ గేటు గుమాస్తాల్లో ఒకడు ఈ భూతద్దమే. అప్పటికి కంటికి అద్దం రాలేదు, అంతే.

"పాత పరిచయం. లేచాను. దానికింత రాద్ధాంతమా?"

"నా కోసం ఎప్పుడైనా లేచారా?"

"నువ్వు ఇంట్లో మనిషివి."

"ఇంట్లో వస్తువుకి వెల కట్టరు, ఇంట్లో మనిషికి లేవరు. భేషుగ్గా ఉంది. సరే, నేనే కడతాను."

ఆమె దీపం మెడ వంచి, వెలుగు ఏటవాలుగా పడేట్టు బిళ్ళ పక్కన పెట్టింది. ఇరవై ఏళ్ళుగా మొగుడి కుర్చీ వెనక నిలబడి నేర్చుకున్న విద్య అది.

"మూడంకె తోక విరిగింది కాబట్టి మిల్లు అచ్చే, దొంగ అచ్చు కాదు. రుద్ది రుద్ది మెరిపించారు కాబట్టి సగం ధర పోయింది. పైన మిరియం అని ఉంది. కింద ఏముందో మీరు చదవండి."

భూతద్దం కంటి అద్దం తీసేశాడు. "రుద్దొద్దని నీకు వందసార్లు చెప్పాను."

నిజమే, చెప్పాడు. పాత ఇత్తడి మీద బెంగ కొద్దీ చెబుతున్నాడనుకుని ఆమె మురిసిపోయింది, వినడం మాత్రం ఎప్పుడూ వినలేదు. వారం వారం ఉప్పూ నిమ్మచెక్కా పెట్టి తోమేది. సోమవారం నుంచి పూటపూటా తోమింది. జాజి వచ్చే వేళకి బొడ్లో బిళ్ళ ధగధగలాడాలని, ఆ కళ్ళజోడు జిగేలుమనాలని. తోమగా తోమగా పైనున్న తన పేరు పల్చబడింది. ఇవాళ పొద్దున కిటికీ వెలుగులో, దాని కిందనుంచి ఇంకో పేరు తేలింది. జాజి. పీటేసి పిలిచినట్టు, సవతిని తన చేత్తోనే పైకి తెచ్చుకుంది.

"కొత్త ఇత్తడి రేకు కోసి నా కోసమే చేశానన్నారు. ఆ మాట ఎంతమందికి చెప్పుకున్నానో తెలుసా? మన పెళ్ళి కథే దాంతో మొదలుపెడతాను నేను."

"నువ్వే అడిగావు, కొత్తదేనా అని. అంత ఆశగా అడిగితే ఏమనను? అవునన్నాను."

"ఇది ఆవిడది."

"ఆమె మిషను నీకిచ్చారు. మిషనుతో పాటు బిళ్ళ. అది మిల్లు రివాజు."

"ఆవిడంటే మీకు ఇష్టమా?"

అతను అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

"ఉండేది," అన్నాడు.

ఇరవై మూడేళ్ళు ఒక అబద్ధాన్ని గుట్టుగా సాకిన మనిషి, ఇంకొక్కటి ఆడలేకపోయాడా? మిరియం ట్రే వంక చూసింది. ఆడవాళ్ళ సెక్షనులో బిళ్ళలు ముప్పై ఆరు. మిల్లు మూసేశాక పాత ఇనుప సామాన్లలోంచి, కూలీల ఇళ్ళల్లోంచి అతను ముప్పై అయిదు ఏరి తెచ్చాడు. మొత్తం ఉంటే ఒక ధర, ఒక్కటి తగ్గినా అందులో సగం. ఆ తగ్గిన ఒక్కటీ పెళ్ళాం తాళాల గుత్తికి వేలాడుతోందని తెలిసి కూడా ఏనాడూ ఇమ్మని అడగలేదు. అది తన మీద ప్రేమని ఆమె లెక్క. ఇప్పుడు ఆ లెక్క తలకిందులైంది. దీపం కిందికి రాకుండా దాచుకున్నాడు, అంతే.

గుత్తి లాక్కుని మేడ మెట్ల వైపు నడిచింది.

"పైకేనా? పదకొండింటికి మనుషులొస్తారు, మెట్ల మీద బట్టలు ఆరెయ్యొద్దని అక్కకి చెప్పు," అన్నాడు వెనకనుంచి.

అతనికది అలవాటు. మేడ అతని అక్కది, కింది వాటా అతనిది. తోడబుట్టిన ఇద్దరికీ మధ్య పధ్నాలుగు మెట్లు. పెళ్ళైన రెండో వారం నుంచి ఆ ఇద్దరి మాటలూ మిరియం నోటి మీదుగానే నడుస్తున్నాయి. అక్కకి చెప్పు, వాడికి చెప్పు. తపాలా బంట్రోతుకైనా ఆదివారం సెలవుంటుంది.

వదిన కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతోంది. ఆ చొక్కా తమ్ముడిదే. మాటలు లేవు గానీ గుండీలు మాత్రం ఏనాడూ ఆగలేదు.

"చూడండి వదినా, మీ తమ్ముడి నిర్వాకం."

వదిన బిళ్ళ అందుకుని బొటనవేలితో తడిమింది. ఆవిడ కూడా మిల్లు మనిషే. చూడనక్కర్లేదు, వేలు చాలు.

"జాజి. అయితే?"

"అయితే ఏమిటి వదినా! నాకు ఆవిడ బిళ్ళ అంటగట్టారు."

"ఓసి, దీనికా ఇంత ఏడుపు? ఏ బిళ్ళ కింద ఇంకో పేరు లేదే? మనిషి మానేస్తే బిళ్ళని నిప్పుల్లో కాల్చి, సుత్తితో చదును చేసి, కొత్తగా వచ్చినవాళ్ళ పేరు కొట్టేవారు. నా బిళ్ళ కింద 'తాత' అని ఉండేది. నేనేమైనా ఏడ్చానా?"

వేరే రోజైతే మిరియం పకపకా నవ్వేది.

"ఆవిడంటే ఇష్టం ఉండేదట. ఇప్పుడే చెప్పారు."

"ఉండేది మరి. నాకు నచ్చలేదు. ఆ పిల్ల మా ఇంటి కోడలు కాదు అని నలుగురిలో అన్నాను కూడా. అన్న మర్నాడే ఎవరో దాని మీద మేస్త్రీకి చాడీ చెప్పారు. అందరూ నన్నే అనుకున్నారు. పాపం, ఒక్కరోజు ఆలస్యమైనందుకు ఎనిమిదేళ్ళ పని పోయింది ఆ పిల్లకి."

మిరియం బిళ్ళ వెనక్కి తీసుకుంది. తీసుకునేటప్పుడు వేళ్ళు వదినకి తగలకుండా చూసుకుంది.

"మీ తమ్ముడు కూడా మీరే అనుకున్నారేమో?"

"వాడా? వాడికి అంత బుర్రెక్కడిది? పెళ్ళిలో నేను అలిగి అన్నం తినకుండా వెళ్ళిపోయానని మాట మానేశాడు. మొండి వెధవ. నేనూ మొండిదాన్నే అనుకో." ఆవిడ పళ్ళతో దారం కొరికింది. "ఈ గుండీ ఊడదని వాడికి చెప్పు."

మిరియం మెట్లు దిగలేదు. మధ్య మెట్టు మీద కూలబడిపోయింది.

చెప్పింది వదిన కాదు. ఆ సంగతి మిరియం కంటే బాగా తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద లేరు.

అప్పట్లో తనది దూది చెత్త ఊడ్చే పని. ఆ పొద్దున మిల్లు కూత కూసినా జాజి ఇంకా రాలేదు. మిరియం స్తంభం పక్కన చీపురుతో నిలబడి ఉంది. గేటు గుమాస్తా అటూ ఇటూ చూసి, పలక మీంచి జాజి బిళ్ళ తీసి, గబగబా వచ్చి ముప్పై ఒకటో మిషనుకి తగిలించాడు. తగిలించి ఊరుకోలేదు. అది ఊగుతుంటే రెండు వేళ్ళతో పట్టుకుని, ఆగేదాకా నిలబడ్డాడు. తన వంక ఒక్కసారైనా చూడని మనిషి, ఒక ఇత్తడి ముక్కని అంత అపురూపంగా పట్టుకున్నాడు. మిరియం కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. చీపురు గోడకి ఆనించి తిన్నగా మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, "ముప్పై ఒకటో నంబరు మనిషి రాలేదు, బిళ్ళ వచ్చింది," అంది. అంతే. గుమాస్తా ఊసెత్తలేదు.

అరగంటకి జాజి రొప్పుతూ వచ్చింది. నీ బిళ్ళ ఎవరు తీశారని మేస్త్రీ ఎంత గద్దించినా నోరు విప్పలేదు. సాయంత్రానికి పంపేశారు. పది రోజులకి ఆ మిషను మిరియానికిచ్చారు. ఏడాదికి ఆ గుమాస్తా కూడా దక్కాడు.

పెళ్ళైన రెండో వారంలో అతను అడిగాడు, "ఆ రోజు చెప్పింది మా అక్కే కదూ?" అని. మిరియం ఊఁ అంది. తల కూడా ఊపలేదు, వట్టి ఊఁ. ఆ మర్నాటి నుంచే 'అక్కకి చెప్పు' మొదలైంది.

ఆమె బిళ్ళని రాతి మెట్టుకి ఆనించింది. గట్టిగా నాలుగు రుద్దులు రుద్దితే చాలు. జాజి ఉండదు, మిరియమూ ఉండదు, నున్నటి ఇత్తడి మిగులుతుంది. ఒక్కసారి రుద్దింది. బర్రుమన్న చప్పుడికి చెయ్యి వెనక్కి తీసుకుంది.

కింద కుర్చీ కిర్రుమంది. అతను లేచాడన్నమాట. పదకొండు కాకముందే ఆవిడ వచ్చేసింది.

మిరియం దిగివచ్చి లోపలి గుమ్మం తెర వెనక నిలబడింది. జాజి స్టూలు మీద కూర్చుంది. స్టూలు అప్పటికే తళతళలాడుతోంది. భూతద్దం తన కుర్చీలో ఒద్దికగా కూర్చుని ట్రే ఆమె వైపు జరిపాడు.

"అమ్మో, చిలక! ఇదిగో బుంగమూతి! ఈవిడ గుర్తుందా, తన బిళ్ళ కనపడకపోతే మిల్లంతా అల్లరి చేసేది!" జాజి ఒక్కో పేరునూ వేలితో పలకరిస్తూ నవ్వుతోంది. వేలి చివర సూదిపోట్ల మచ్చలు. మిల్లు పోయాక ఇంటింటికీ తిరిగి బట్టలు కుట్టి బతికిన వేలు అది. ముప్పై ఒకటో గడి దగ్గర ఆగింది. "నాది లేదు."

"లేదు," అన్నాడు భూతద్దం.

తెర వెనక మిరియం ఉలిక్కిపడింది. ఇచ్చెయ్యలేదు. తన పేరు బయటపెట్టలేదు. ఒక్క క్షణం అతను తనవాడే అనిపించింది.

"కరిగించేశారేమోలే. ధర కోసం అడగట్లేదండీ. మిల్లు రిజిస్టర్లో నా పేరు కొట్టేసి పక్కన దొంగ హాజరు అని రాశారు. దాంతో ఇంకే మిల్లూ గుమ్మం ఎక్కనివ్వలేదు. ఎనిమిదేళ్ళు పనిచేశానని చెప్పుకోడానికి నా దగ్గర చిన్న ముక్క లేదు. పేరు ఒక్కసారి చూసుకుందామని వచ్చా."

"నువ్వు... మీరు కాసేపు కూర్చోండి."

నువ్వు! మిరియం చెవి ఆ ఒక్క మాటనే పట్టుకుంది. తెర తోసుకుని బయటికి వచ్చింది. బిళ్ళ కనపడేలా గుత్తి చేత్తో పట్టుకుని వచ్చింది. ఇది నాది, ఈ కొట్టు నాది, ఈ మనిషి నావాడు అని చెప్పడానికే వచ్చింది.

"మిరియం కదూ? సోమవారం పోల్చుకోలేకపోయా." జాజి మొహం విప్పారింది. "నా మిషను నీకే ఇచ్చారని విన్నా. మూడో కండె దగ్గర దారం తెగేది, ఇబ్బంది పడ్డావా?"

ఏ మాటకైనా సిద్ధపడి వచ్చిన మిరియం చేతిలో గుత్తి కిందికి దిగింది.

"మిల్లు మూసేదాకా తెగుతూనే ఉంది," అంది.

"ఎడమ చెయ్యి అడ్డం పెట్టాలి. నీకు చెప్పేవాళ్ళు లేకపోయారు."

మిరియం గుత్తిలోంచి బిళ్ళ ఊడదీసింది. గోరు విరిగింది. తీసుకెళ్ళి ముప్పై ఒకటో గడిలో పెట్టింది. భూతద్దం వద్దన్నట్టు చెయ్యెత్తాడు గానీ అప్పటికే పెట్టేసింది.

జాజి కళ్ళజోడు తీసి తుడుచుకుని వంగింది. దీపాన్ని కాస్త పక్కకి తిప్పింది. ఆమె వేలు కింది పేరు మీద వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చి, మళ్ళీ వెళ్ళింది.

"ఉంది," అంది. "ఇంత స్పష్టంగా ఎలా మిగిలింది? ఆనవాలు లేకుండా చదును చేసేవారు కదా?"

"నేను చదును చెయ్యలేదు," అన్నాడు భూతద్దం బల్ల వంక చూస్తూ. "నీ పేరు మీద సుత్తి వెయ్యడానికి చెయ్యి రాలేదు. రెండోది పైపైన కొట్టి ఊరుకున్నాను."

రెండోది. మిరియం ఆ మాట దగ్గరే ఆగిపోయింది. తన పేరు అరిగింది తోమినందుకు మాత్రమే కాదు. లోతుగా పడనే లేదు.

"నా తప్పుకి నీ పని పోయింది. నా పేరు చెప్పకుండా వెళ్ళిపోయావు," అంటున్నాడు అతను.

"చెబితే ఇద్దరిదీ పోయేది. ఒకరిదైనా మిగలనీ అనుకున్నా."

"అంతా మా అక్క నోటివల్ల వచ్చింది."

"ఏం చేసిందిరా మీ అక్క నోరు?"

మెట్ల మీద వదిన, చేతిలో గుండీలు కుట్టిన చొక్కాతో నిలబడి ఉంది. బట్టలు ఆరెయ్యడానికి కాదు, చొక్కా ఇవ్వడానికి వచ్చినట్టుంది. భూతద్దం అలవాటు కొద్దీ మిరియం వైపు తిరిగాడు. "అక్కకి చెప్పు..."

"దానికి చెప్పకు. నాకు చెప్పు."

"మేస్త్రీకి చాడీ చెప్పింది నువ్వు కాదా?" ఆ మాట నేరుగా అక్క మొహం మీదే అనేశాడు.

వదిన మెల్లిగా మెట్టు మీద కూర్చుంది. "అందుకా?" అంది. "ఇన్నేళ్ళూ అందుకా నువ్వు నాతో... పెళ్ళిలో అన్నం తినలేదని అలిగావనుకున్నానురా. ఇవాళ కాకపోతే రేపు మాట్లాడతావనుకున్నా."

ఆవిడ చొక్కాలో మొహం దాచుకుంది. ఏ మాటకైనా ఎదురు మాట ఉండే మనిషి, చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

మిరియం వంక ఎవరూ చూడటం లేదు. నోరు మూసుకుని లోపలికి వెళ్ళి స్టవ్వు వెలిగించినా, అడిగేవాళ్ళు లేరు. జాజి అంటే అసూయ ఇంకా అలాగే ఉంది, పిసరంత కూడా తగ్గలేదు. అది తగ్గాక చెబుదామంటే ఈ జన్మకి కుదరదు. మెట్టు మీద వదిన భుజాలు కదులుతున్నాయి.

"వదిన కాదు," అంది మిరియం.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"ముప్పై ఒకటో నంబరు మనిషి రాలేదు, బిళ్ళ వచ్చింది. మేస్త్రీతో అన్న మాట ఇదే. అన్నది నేను."

జాజి వేలు బిళ్ళ మీద అలాగే ఉండిపోయింది. "ఎందుకు?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టు.

"నీ బిళ్ళ ఊగుతుంటే, ఈయన రెండు వేళ్ళతో పట్టుకుని ఆపారు. అందుకు."

భూతద్దం కంటి అద్దాన్ని బల్ల మీద బోర్లించాడు. రెండు చేతులూ కుర్చీ మీద ఊనాడు. మిరియం వంకే చూస్తూ మెల్లిగా లేచి నిలబడ్డాడు.

ఇరవై రెండేళ్ళలో పెళ్ళాం కోసం అతను ఆ కుర్చీలోంచి లేవడం అదే మొదటిసారి.